పన్నెండు సెకన్ల ఆలస్యం

“బ్రేకు నట్టు ఎన్నింటికి సరిచేశావు?”

“ఆరున్నరకి.”

“ఆరున్నరంటే ఆరూ ఇరవై ఎనిమిదా, ఆరూ ముప్పై రెండా?”

మేస్త్రి చేతిలోని నూనె గుడ్డని బల్ల మీద విసిరికొట్టాడు. “ఏమ్మా, నేను పని చేసుకోవాలా, గడియారం చూసుకుంటూ కూచోవాలా? ఆరున్నర. అంతే.”

ఎదురుగా ఇనుప స్టూలు మీద కూర్చున్నావిడని చుట్టుపక్కల మిల్లులన్నిట్లోనూ సెకన్లమ్మ అంటారు. పదిహేనేళ్లు యంత్రాల తనిఖీ అధికారిగా చేసింది. మూడేళ్ల కిందట ఆ ఉద్యోగం ఊడగొట్టారు. అప్పటినుంచీ యంత్రాల దగ్గర జరిగే ప్రమాదాలకి అసలు కారణం ఏమిటో వెతికి పెట్టే డిటెక్టివు పని చేస్తోంది. అబద్ధమాడేవాడు గంటలు బాగానే చెబుతాడు, నిమిషాల దగ్గర తడబడతాడు, సెకన్ల దగ్గర బోర్లా పడతాడు అని ఆవిడ నమ్మకం. ఇవాళ్టి కేసు మాత్రం ఎవరో వచ్చి అప్పగించింది కాదు. లాకప్పులో ఉన్నవాడు ఆవిడ తోడబుట్టిన తమ్ముడు.

జరిగింది ఇదీ. నాలుగు రోజుల కిందట, ఈ నూలు మిల్లులో, దూది బేళ్లని కొక్కేనికి తగిలించి పైకెక్కించే లిఫ్టు పదకొండూ యాభై రెండుకి మూడో అంతస్తు ఎత్తున ఆగింది. ఆగిన బేలు ఆగినట్టే ఉండక జర్రున జారి, కింద నిలబడ్డ మేనేజరు నెత్తిమీద పడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. లిఫ్టు నడుపుతున్నది తమ్ముడు. మధ్యాహ్నం మూడింటికి ప్రభుత్వం తరఫున తనిఖీ అధికారి వచ్చి, బ్రేకుకి రెట్టింపు బరువు వేలాడదీసి, పది నిమిషాల్లో తేల్చేశాడు. బ్రేకు భేషుగ్గా ఉంది, ఆపరేటరే నిర్లక్ష్యంగా దించే మీట కదిపాడు అని. ఆ రిపోర్టు ఇవాళ సాయంత్రం నాలుగింటికి కోర్టుకి వెళ్తుంది. వెళ్తే తమ్ముడికి రెండేళ్లు జైలు.

ఇప్పుడు టైము ఒంటిగంటా పది.

“నట్టు సరిచేశాక?”

“ఎర్ర రంగు పూశాను. ఎవరైనా ముట్టుకుంటే పగులు తెలియాలని. పెట్టెకి తాళం వేశాను. తాళంచెవులు రెండే. ఒకటి నా మొలతాడుకి, ఒకటి మీ తమ్ముడి దగ్గర.”

“తర్వాత ఎక్కడున్నావు?”

“ఏడున్నరకి స్పిన్నింగు షెడ్డులో బేరింగు వేడెక్కిందని కబురొచ్చింది. వెళ్లి చెయ్యి తిరగేసి ఆనించాను. అయిదు లెక్కపెట్టేలోపే లాగేసుకున్నాను. ఇక లిఫ్టు దగ్గర కేకలు వినబడేదాకా దాన్ని విప్పి, తుడిచి, గ్రీజు కూరడంతోనే సరి. ముప్పైమంది చూశారు. కావాలంటే అడుక్కో.”

“లిఫ్టు పడ్డాక గదిలోకి ముందు ఎక్కిందెవరు?”

“నేనే. నేను మెట్లెక్కుతుంటే మీవాడు దిగుతున్నాడు, గోడ పట్టుకుని.”

“నిన్ను వచ్చే నెల ఇంటికి పంపాలని మేనేజరు కాగితం తయారుచేశాడటగా?”

“పంపితే? ముసలివాణ్ణి, ఎప్పటికైనా పోవాల్సినవాణ్ణే. అతను చచ్చాడని నేను ఏడవను. నవ్వను కూడా. నవ్వాలంటే నీకే ఎక్కువ హక్కుందిలే అమ్మా.”

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోటే తగిలింది. సెకన్లమ్మ సంచి సర్దుకుని లేచింది.

ఆవిడకి హక్కుంది నిజమే. తమ్ముడి పెళ్లాం ఈ మిల్లులోనే దూది ఏకే యంత్రం దగ్గర పనిచేసేది. మూడేళ్ల కిందట ఆ యంత్రం బేరింగు పొగలు కక్కుతోందని సెకన్లమ్మ స్వయంగా చూసి, ఆపమని ఆర్డరు రాసింది. “ఆపితే నా ఎఫిషియెన్సీ పడిపోతుంది” అన్నాడు మేనేజరు. అప్పట్లో ఆవిడ కింద పనిచేస్తున్న ఒకతను, నడపొచ్చని ఇంకో కాగితం రాసి సంతకం గీకాడు. మర్నాడు బేరింగు బిగుసుకుపోయింది, ఇరుసు విరిగింది, తెగిన బెల్టు మరదలి మెడకి చుట్టుకుంది. విచారణలో ఆవిడ ఆర్డరు కాగితం మాయమైంది, ఆవిడ ఉద్యోగం పోయింది. సంతకం గీకినవాడు ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. అందరూ అతన్ని సంతకాల సారు అంటారు. మొన్న బ్రేకు చూసి పది నిమిషాల్లో తేల్చింది అతనే.

తమ్ముణ్ణి బయటికి తేవాలి. అది మొదటిది. సంతకాల సారుని నలుగురి ముందూ నేలమీద పడెయ్యాలి. రెండోది అని ఆవిడ తనకి తాను చెప్పుకునేది గానీ, మూడు రాత్రులుగా నిద్ర పట్టనివ్వంది ఆ రెండోదే. నిన్న లాకప్పులో తమ్ముడు, “వదిలెయ్యక్కా, రెండేళ్లేగా” అన్నాడు. వాడు చిన్నప్పటినుంచీ అంతే, చెంప మీద కొడితే రెండో చెంప కూడా తుడుచుకుని చూపిస్తాడు. వాడి వంతు కోపం కూడా ఈవిడే మోస్తోంది.

లిఫ్టు కింద బేళ్లకి కొక్కెం తగిలించే ఆవిడ గోడ నీడన కూర్చుని కాళ్లు పిసుక్కుంటోంది. లావుపాటి మనిషి, మాట అంతకన్నా లావు.

“రామ్మా సెకన్లమ్మా. నన్ను కూడా లెక్కపెడతావా?”

“నిన్ను లెక్కపెట్టాలంటే నాకు పూట పడుతుంది గానీ, ఒక్కటి చెప్పు. ఆ రోజు లిఫ్టు ఎలా నడిచింది?”

“నడవడమా? దేకింది. మామూలుగా నలభై లెక్కపెట్టేసరికి బేలు పైన ఉంటుంది. ఆ రోజు యాభై రెండు. నేను డ్యూటీ ఎక్కినప్పటినుంచీ అదే వరస. గంటకి ముప్పై బేళ్లు పంపేదాన్ని, ఇరవై ఏడే పోయాయి.”

“మేనేజరు రోజూ ఇక్కడికి వస్తాడా?”

“ఆయనా? ఇక్కడ దుమ్ముంటుందని గుమ్మం తొక్కడు. ఆ రోజు పదకొండున్నరకి బేళ్లు తక్కువయ్యాయని పైనుంచి ఫోను వెళ్లింది. అంతే, ఊడిపడ్డాడు. చేతిలో స్టాపువాచీ. ‘పన్నెండు సెకన్లు ఎవడబ్బ సొమ్మని తింటున్నాడు’ అని సరిగ్గా కొక్కెం కిందే నిలబడి తలెత్తి చూస్తున్నాడు. పక్కకి జరగండయ్యా అన్నాను. నాకు నువ్వు చెప్పేదేంటి అన్నాడు. సరే, నేను చెప్పను, పైవాడే చెబుతాడనుకున్నాను. చెప్పాడు.”

ఆవిడ గొంతులో జాలి వెతికినా దొరకలేదు. సెకన్లమ్మ కూడా పెద్దగా వెతకలేదు. తనకి కావాల్సింది దొరికింది. మేనేజరు ఆ పూట అక్కడికి రావడానికి కారణమే ఆ ఆలస్యం. లిఫ్టు నెమ్మదించేలా చేసినవాడు, ఈ మనిషి స్టాపువాచీ పట్టుకుని దిగుతాడని తెలిసినవాడై ఉండాలి.

అరవై నాలుగు మెట్లెక్కితే లిఫ్టు గది. లోపల ఒక పాత మోటారు, తాడు చుట్టుకునే పెద్ద చక్రం, దాని పక్కన బ్రేకు డ్రమ్ము, కిటికీ దగ్గర ఆపరేటరు స్టూలు. తలుపుకి లోపలివైపు గడియ. లిఫ్టు నడిచే వేళ ఎవరూ లోపలికి రాకూడదని అది ఉంది. కాపలా కానిస్టేబులు బయటే నిలబడ్డాడు.

ఈ బ్రేకు పని చాలా సులువు. డ్రమ్ముకి అటూ ఇటూ షూలనే రెండు దిమ్మలు. కరెంటు వచ్చినప్పుడు అయస్కాంతం వాటిని ఎడంగా లాగుతుంది, చక్రం తిరుగుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు వాటిని డ్రమ్ముకి అదిమేస్తుంది, చక్రం ఆగుతుంది. తిరిగేటప్పుడు డ్రమ్ముకీ షూకీ మధ్య పోస్టుకార్డంత సందు ఉండాలి. పోలీసులు మొదటి రోజే వచ్చి, ఎవరైనా డ్రమ్ముకి నూనె పూశారేమోనని వేళ్లు రుద్ది, వాసన చూసి, ఏమీ లేదని వెళ్లిపోయారు. బ్రేకు పాడుచెయ్యాలంటే రాపిడి తగ్గించాలి, అందుకు నూనె పొయ్యాలి అన్నది అందరికీ తోచే ఆలోచన.

సెకన్లమ్మ పెట్టె తెరిపించి వంగింది. నట్టు మీద ఎర్ర రంగు పగిలి ఉంది. సంచిలోంచి పోస్టుకార్డు తీసి సందులో దూర్చింది. సులువుగా దూరింది. ఇప్పుడు సందు సరిగ్గానే ఉంది. టార్చి వేసి డ్రమ్ము అంచు చూసింది. ఇనుము తెల్లగా లేదు. ఎండు గడ్డి రంగు, దాని పక్కన నెమలి కంఠం నీలం. ఇనుముకి ఆ నీలం ఊరికే రాదు, పొయ్యిలో పెట్టినంత వేడెక్కితేనే వస్తుంది. షూ లోపలివైపు అతికించిన రాపిడి పట్టీ, లైనింగు మీద వేలితో రాసింది. గరుగ్గా ఉండాల్సింది గాజులా నున్నగా తగిలింది.

ఆవిడ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయి, గట్టిగా నవ్వింది. బయట కానిస్టేబులు లోపలికి తొంగి చూశాడు.

గోడకి కరెంటు రాసే మీటరు ఉంది. గుండ్రటి కాగితం మీద ముల్లు గీత గీస్తూ పోతుంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి కరెంటు గుమాస్తా పాత కాగితం తీసి కొత్తది పెడతాడు. ప్రమాదం రోజు తొమ్మిదింటికి పెట్టిన కాగితం అందులోనే ఉంది, ముట్టుకున్నవాడు లేడు. మొదటి బేలు తొమ్మిదీ పదహారుకి ఎక్కింది. ఇరవై నాలుగు ఆంపియర్లు ఉండాల్సిన చోట ముప్పై. తర్వాత ముప్పై ఒకటి, ముప్పై రెండు. పదకొండూ యాభైకి ముప్పై మూడు.

“దొరికావురా సంతకం” అనుకుంది సెకన్లమ్మ. చంపినవాడి గురించి కాదు ఆ మాట. చంపినవాడు ఆవిడకి అప్పటికి రెండో మనిషే.

రెండూ నలభై. చచ్చిపోయిన మేనేజరు గది. పోలీసు ఇన్‌స్పెక్టరు మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. సంతకాల సారు పక్కనే, ఒళ్లో ఫైలు, జేబులో బంగారు క్యాపు పెన్ను. గోడవారగా తమ్ముడు, చేతులకి బేడీలు. అక్కని చూసి తల దించుకున్నాడు. మేస్త్రిని కూడా సెకన్లమ్మే పిలిపించింది.

“ఏం మేడమ్, ఉద్యోగం పోయినా తనిఖీ జబ్బు పోలేదా?” అన్నాడు సంతకాల సారు.

“మీకు ఉద్యోగం వచ్చినా తనిఖీ రాలేదు కదా సారూ, ఎవరో ఒకరు చెయ్యాలి. బ్రేకు పరీక్ష ఎన్నింటికి చేశారు?”

“మూడూ పదికి. రెట్టింపు బరువు పెట్టాను. వెంట్రుకంత జారలేదు.”

“లిఫ్టు పడింది పదకొండూ యాభై రెండుకి. మీరు చూసింది మూడూ పదికి. మూడు గంటల పద్దెనిమిది నిమిషాల్లో ఏం జరిగింది?”

“ఏం జరగలేదు. యంత్రం ఆగి ఉంది.”

“అదే జరిగింది. చల్లారింది.” ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “సార్, ఆ రోజు లిఫ్టు మోసింది రోజూ మోసే బేలే. ఎక్కింది రోజూ ఎక్కే ఎత్తే. కరెంటు మాత్రం మూడో వంతు ఎక్కువ తాగింది, పైగా పన్నెండు సెకన్లు ఆలస్యం. గేదె మేత పెరిగింది, పాలు తగ్గాయి. మరి ఆ మేతంతా ఏమైంది?”

“మీరే చెప్పండి.”

“రాపిడి తినేసింది. ఎవరో నట్టు బిగించి షూలు ఎడంగా పోకుండా చేశారు. లిఫ్టు పైకి పోతున్నంతసేపూ బ్రేకు డ్రమ్ముని రుద్దుతూనే ఉంది. కాలు పట్టుకుని లాగేవాణ్ణి ఈడ్చుకుంటూ మెట్లెక్కినట్టు ఎక్కింది మోటారు. తాగిన కరెంటులో మూడో వంతుకి పైగా డ్రమ్ములో వేడయింది. వెళ్లి చూడండి, ఇనుము నీలంగా కమిలి ఉంది. లైనింగు అంత వేడెక్కితే పట్టు పోతుంది, నున్నబడి జారుతుంది. అందరూ రాపిడి తగ్గించారేమోనని నూనె కోసం వెతికారు. వాడు రాపిడి పెంచి బ్రేకుని చంపాడు. చల్లారాక అది మళ్లీ బుద్ధిమంతురాలైంది. ఈ సారు వచ్చి దానికి మంచి నడవడిక సర్టిఫికెట్టు రాసిచ్చాడు.”

ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు. సంతకాల సారు మొహం చింతపండు నమిలినట్టయింది. మూడేళ్లు ఎదురుచూసిన మొహం అది. సెకన్లమ్మకి ఒళ్లంతా చల్లబడింది, దాహం తీరినట్టుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

“అక్కా, చాలు” అన్నాడు తమ్ముడు.

“నువ్వుండరా.” ఆవిడ గుండ్రటి కాగితం బల్ల మీద పరిచింది. “ఇది తొమ్మిది తర్వాతది. ముల్లు అబద్ధం చెప్పదు సార్. ఈ నట్టుని బిగించినవాడే, బేలు పడ్డాక అందరికన్నా ముందు పైకెక్కి మళ్లీ వదులు చేశాడు. రంగు పగిలింది అందుకే. ఇది నిర్లక్ష్యం కాదు, హత్య. లిఫ్టు నెమ్మదిస్తే మేనేజరు స్టాపువాచీతో దిగుతాడని తెలిసి వేసిన ఎర.”

“అంటే నేనా?” మేస్త్రి లేచి నిలబడ్డాడు.

“ఆరున్నరకి నట్టు ముట్టుకుంది నువ్వు. మొదట పైకెక్కింది నువ్వు. తాళం ఉన్నదీ నీ దగ్గరే.”

“ఆరున్నరకి బిగిస్తే ఏడు నుంచీ ఈడ్వాలిగా లిఫ్టు!” మేస్త్రి అరిచాడు. “ఏడింటి షిఫ్టు వాళ్లని అడిగావా?”

“అడగడం ఎందుకు? కాగితమే చెబుతుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా గీసిన కాగితం ఆ రోజు మధ్యాహ్నమే పట్టుకుపోయారు ఈ సారు. గుమాస్తా చెప్పాడు. ఏం సారూ, ఆ ఫైల్లో ఉందా, మూడేళ్ల కిందట నా ఆర్డరు మాయమైనట్టు ఇదీ మాయమైందా? బయటికి తియ్యండి. రెండూ పక్కపక్కన పెడదాం. మీ కళ్లెదురుగా ఉన్న ముప్పై ఆంపియర్లు మీకెలా కనపడలేదో అందరూ చూస్తారు.”

సంతకాల సారు ఫైలు విప్పాడు. తను ఆ కాగితాన్ని యంత్రం బాగుందనడానికి సాక్ష్యంగా తీసుకెళ్లాడే తప్ప, రెండోసారి చూసినవాడు కాదు. కాగితం బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఈసారి చూశాడు. చాలాసేపు చూశాడు. కాగితాన్ని ఆవిడ వైపు తిప్పాడు.

“మేడమ్, మీరే చదవండి” అన్నాడు మెత్తగా.

ఆవిడ చదివింది. ఏడు గంటల నాలుగు నిమిషాలు, ఇరవై నాలుగు ఆంపియర్లు. ఏడున్నర, ఇరవై నాలుగు. ఎనిమిదింబావు, ఇరవై నాలుగు. ఎనిమిదీ నలభై మూడు, ఇరవై నాలుగు. ఆ తర్వాత టీ విరామం, గీత లేదు. కింద కొక్కెం తగిలించే ఆవిడని, నువ్వు డ్యూటీ ఎక్కేది ఎన్నింటికి అని అడగలేదన్న సంగతి సెకన్లమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. సెకన్లు లెక్కపెట్టే మనిషి గంట అడగడం మరిచిపోయింది. సంతకం మీద కళ్లు పెట్టుకుని, కాగితం సగమే చూసింది.

ఇన్‌స్పెక్టరు తనకి తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. “ఎనిమిదీ నలభై మూడు దాకా నట్టు సరిగ్గా ఉంది. తొమ్మిదీ పదహారుకి బిగిసి ఉంది. ఆ మధ్యలో మేస్త్రి స్పిన్నింగు షెడ్డులో, ముప్పైమంది కళ్ల ముందు.”

సెకన్లమ్మ ఆ కాగితాన్ని పక్కకి నెట్టింది. “సార్, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు. పాత మీటరు. పొద్దుటి కాగితం నమ్మడానికి…”

“ముల్లు అబద్ధం చెప్పదని ఇప్పుడేగా అన్నారు మేడమ్” అన్నాడు సంతకాల సారు. వెటకారం కూడా లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

ఇన్‌స్పెక్టరు తమ్ముడి వైపు తిరిగాడు. “టీ వేళ ఆ గదిలో ఎవరున్నారు?”

“నేనే.”

“ఇంకెవరైనా?”

“ఎవరూ లేరు సార్. తొమ్మిదింటికి గుమాస్తా కాగితం మార్చి వెళ్లగానే లోపల గడియ పెట్టుకున్నాను.”

“బేలు పడ్డాక ఎంతసేపటికి కిందకి దిగావు?”

“నాలుగు నిమిషాలు. నట్టు వదులు చెయ్యడానికి రెండు పట్టింది. చాలా వేడిగా ఉంది.” బేడీల చేతులు ఎత్తి అరచెయ్యి చూపించాడు. మధ్యలో రూపాయి బిళ్లంత బొబ్బ. నాలుగు రోజులుగా పిడికిలి బిగించి దాచుకున్నాడు.

“ఒరేయ్” అంది సెకన్లమ్మ.

తమ్ముడు అక్కనే చూస్తున్నాడు. వాడి కళ్లలో ఆవిడ ఎప్పుడూ చూడనిది ఉంది. కోపం. తనొక్కతే మోస్తున్నానని అనుకున్న కోపం, తనకన్నా బరువుది, తనకన్నా ఓపిగ్గా దాచుకున్నది.

“నా పెళ్లాన్ని చంపింది కూడా రాపిడేగా అక్కా. బేరింగు మండిపోతోంది ఆపమంటే, ఎఫిషియెన్సీ అన్నాడు వాడు. వాడికి కనిపించేది అదొక్కటే. అందుకే దాన్నే తగ్గించి చూపించాను. పరుగెత్తుకుంటూ వచ్చి కింద నిలబడ్డాడు. బేలు ఆపి, కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. పదకొండు సెకన్లు పట్టుకుంది బ్రేకు. నేను మీట కదపలేదు, ముట్టుకోలేదు. దానంతట అదే జారింది. నీకు అర్థమవుతుందిగా, నేను ముట్టుకోలేదు.”

“నాకు చెప్పొచ్చుగా రా! నిన్న అడిగానుగా!”

“చెబితే నువ్వు అబద్ధమాడాలి. నీకు చేతకాదు.” వాడు చిన్నగా నవ్వాడు. “ఈ సారు వస్తాడు, చల్లారాక చూస్తాడు, పది నిమిషాల్లో పోతాడు. అదే నమ్ముకున్నాను. రెండేళ్లంటే నాకు చౌక. వదిలెయ్యమన్నానుగా అక్కా. నువ్వు నన్ను కాపాడదామని రాలేదు, ఈయన్ని కొడదామని వచ్చావు. నాకు కోపం లేదులే. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.”

ఇన్‌స్పెక్టరు కోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు. ‘నిర్లక్ష్యం’ అన్న మాట మీద రెండు గీతలు కొట్టి, పైన ‘హత్య’ అని రాశాడు. తర్వాత పరీక్ష ఫలితం కొత్తగా రాయించి, కింద ఖాళీ వదిలాడు. “దీనికి సాంకేతిక సాక్షి సంతకం కావాలి. కనిపెట్టినవాళ్లయినా పెట్టొచ్చు, ప్రభుత్వ అధికారి అయినా పెట్టొచ్చు.”

“నేనుండగా ఆవిడని ఎందుకు ఇబ్బంది పెట్టడం? రక్తసంబంధం కదా.” సంతకాల సారు బంగారు క్యాపు ఊడదీశాడు. దయగల మొహం పెట్టాడు. రేపు పేపర్లో కనిపించబోయే మొహం అది. క్లిష్టమైన హత్యని ఛేదించిన అధికారి మొహం.

సెకన్లమ్మ గోడకి ఆనుకుంది. పెట్టుకోనీ, నాకేం, నా చేత్తో మాత్రం వద్దు అనుకుంది. కళ్లు మూసుకుంది.

“అక్కా.”

తెరిచింది.

“నువ్వే పెట్టు.”

“నా వల్ల కాదురా.”

“దాని చావు కాగితం మీద ఉన్నది ఆయన సంతకమే. నా కాగితం మీద కూడా అదే ఉంటే, ఉరితాడు మెడకి తగిలినా నా కడుపు మంట చల్లారదు. ఆయన్ని దీన్ని ముట్టుకోనివ్వకు. నన్ను పట్టుకున్నది నువ్వు. ఆ మాట రాసుండాలి. ఈయన పట్టుకున్నాడని లోకం అనుకోకూడదు.”

సంతకాల సారు పెన్ను కాగితం మీదికి వంగుతోంది.

సెకన్లమ్మ రెండడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చింది. అతని మణికట్టు పట్టుకుని పక్కకి నెట్టేసింది. బంగారు పెన్ను దొర్లి కింద పడింది, వంగి తీసినవాళ్లు లేరు. సంచిలోంచి తన పెన్ను తీసి, కాగితం తన వైపు లాక్కుని, తమ్ముడి పేరున్న వరస కింద సంతకం చేసింది.